ముఖం మీద ఎర్ర మచ్చలకు ఏ క్రీమ్ వాడాలి? ముందు అది ఏ రకం ఎరుపో తేల్చుకోండి

మీ ప్రశ్నలో నాకు అర్థమైంది ఇదీ. ఏడు నెలలుగా రెండు బుగ్గల మీదా గడ్డం మీదా ఎర్ర మచ్చలు ఉన్నాయి. కొన్ని మొటిమలు తగ్గిన చోట మిగిలిపోయినవి, కొన్ని నోటి చుట్టూ సన్నటి పొక్కుల్లా వస్తూ పోతూ ఉన్నవి. ఇప్పటికి నాలుగు క్రీములు మార్చారు. వాటిలో స్నేహితురాలు ఇచ్చినది రాస్తే మూడు రోజుల్లో ముఖం తేటపడింది, ఆపిన వారానికల్లా మునుపటికన్నా ఎక్కువ ఎర్రబడింది. ఇప్పుడు ఐదోది ఏది కొంటే ఇవి శాశ్వతంగా పోతాయని అడుగుతున్నారు.

సూటిగా చెప్తాను. ఐదోది ఇప్పుడే కొనొద్దు. ముందు ఆ స్నేహితురాలి క్రీమ్ ట్యూబు మీద ఏం రాసి ఉందో చదవండి. అందులో స్టెరాయిడ్ ఉందని నా గట్టి అనుమానం. ఉంటే గనక, దాన్ని పద్ధతిగా మాన్పించుకోవడమే మీకు మొదటి వైద్యం. అది చర్మవ్యాధుల డాక్టరు చూస్తుండగా జరగాలి. స్టెరాయిడ్ లేకపోతే మాత్రం క్రీములన్నీ పక్కన పెట్టి, మూడు నాలుగు వారాలు సాదా ఫేస్‌వాష్, వాసన లేని మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్, ఈ మూడింటితోనే గడపండి. ఆ తర్వాతా మిగిలిపోయిన చదునైన ఎర్ర మచ్చలకు అజెలాయిక్ యాసిడ్ 15 లేదా 20 శాతం ఉన్నది, ఒక్కటే, కనీసం మూడు నెలలు రాయాలి. నోటి చుట్టూ వచ్చే పొక్కుల సంగతి వేరు, దాని గురించి కింద విడిగా రాశాను.

చర్మవ్యాధుల వైద్యంలో 18 ఏళ్లుగా ఉన్నాను. "ఏ క్రీమ్ వాడాలి డాక్టర్" అని వచ్చేవాళ్లలో చాలామందికి నేను రాసే మొదటి చీటీలో కొత్త మందు ఉండదు, ఆపాల్సిన వాటి జాబితా ఉంటుంది. దీనికి కొంతమంది నొచ్చుకుంటారు కూడా. ఎందుకలా రాస్తానో చెప్తాను.

ఎర్ర మచ్చలో ఉన్నది రంగు కాదు, రక్తం

నల్ల మచ్చలో మెలనిన్ అనే రంగు పేరుకుని ఉంటుంది. ఎర్ర మచ్చలో అలా పేరుకున్న రంగేమీ లేదు. చర్మం కింది పొరలో సన్నటి రక్తనాళాలు విప్పారి ఉండిపోయాయి, వాటిలో పారుతున్న రక్తమే పైకి ఎర్రగా కనిపిస్తోంది. "మచ్చలు పోగొట్టే క్రీమ్" అని అమ్మేవాటిలో ఎక్కువ భాగం మెలనిన్‌ని తగ్గించేవి. విప్పారిన రక్తనాళంతో వాటికి పనే లేదు. పైగా వాటిలో కొన్ని చర్మాన్ని రేపుతాయి. రేగిన చర్మానికి రక్తం ఇంకా ఎక్కువగా చేరుతుంది. అంటే ఎరుపు పెరుగుతుంది.

మీకు ఉన్నది ఏదో ఇంట్లోనే చూసుకోవచ్చు. శుభ్రమైన, రంగులేని గాజు గ్లాసు తీసుకుని దాని పక్క భాగాన్ని మచ్చ మీద ఆనించి మెల్లగా నొక్కండి. గాజులోంచి చూస్తుంటే మచ్చ మాయమై, తీయగానే మళ్లీ వస్తే అది రక్తనాళాల ఎరుపు. నొక్కినా గోధుమ రంగు అలాగే ఉంటే అది మెలనిన్. ఎరుపు పోయి కింద లేత గోధుమ మిగిలితే రెండూ ఉన్నట్టు. ఛామనఛాయ, నలుపు చర్మాల్లో ఇలా రెండూ కలిసే ఎక్కువగా కనిపిస్తాయి. అలాంటి చర్మం మీద ఎరుపు ఎర్రగా కూడా కనబడదు, ఊదాగానో ముదురు గోధుమగానో ఉంటుంది. అందుకే దాన్ని నల్ల మచ్చ అనుకుని పొరపడతారు.

ఒక కుర్రాడు ఏడాదిపాటు మచ్చలు తెల్లబరిచే క్రీములు రాసి రాసి విసిగిపోయి నా దగ్గరికి వచ్చాడు. నా బల్ల మీద గాజు పలకలు ఉంటాయి, మైక్రోస్కోపు కింద పెట్టేవి. ఒకటి తీసి అతని బుగ్గ మీద నొక్కి, రెండో చేతిలోకి అద్దం ఇచ్చాను. పలక కింద మచ్చ లేదు. తీశాను, వచ్చింది. మళ్లీ నొక్కాను, పోయింది. "అయితే ఇన్నాళ్లూ నేను లేని రంగుకి మందు రాశానా" అన్నాడు. అవును, సరిగ్గా అదే చేశాడు.

ఒక హెచ్చరిక. నొక్కినా పోని ఎరుపు, ఊదా చుక్కలు ఒక్కసారిగా వచ్చి, వాటితో పాటు జ్వరం కూడా ఉంటే క్రీముల గురించి ఆలోచించకుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. అక్కడ రక్తం నాళాల్లోంచి బయటికి కారుతోందని అర్థం.

మొటిమ తగ్గాక మిగిలే ఎరుపు

మీ బుగ్గల మీద ఉన్నవి ఇవే అయి ఉండాలి. మొటిమ అంటే లోపల ఒక చిన్న గాయం. గాయం మానడానికి అక్కడికి రక్తం ఎక్కువ కావాలి, నాళాలు విప్పారతాయి. మొటిమ తగ్గిపోయినా ఆ నాళాలు వెంటనే ముడుచుకోవు. కొందరికి రెండు మూడు నెలలు పడుతుంది, కొందరికి ఏడాది దాటుతుంది. మొటిమను గిల్లి, చిదిమి, గోటితో పొట్టు లేపినవాళ్లకు ఇంకా ఆలస్యం.

ఇక్కడ క్రీములు ఎందుకు నెమ్మదో చెప్పాలి. విప్పారిన నాళాలు ఉన్నది లోపలి పొరలో. మనం రాసేది పై పొర మీద. ఈ నాళాల్ని టక్కున, శాశ్వతంగా మూసేసే క్రీమ్ ఏదీ లేదు. ఉందని ఎవరైనా చెప్తే ఆ ట్యూబుని రెండుసార్లు చూడండి. క్రీమ్ చేయగలిగింది చుట్టూ ఉన్న వాపును తగ్గించడం, కొత్త మొటిమలు రాకుండా చూడటం, ఎండ నుంచి కాపాడటం. ఆ మూడూ జరిగితే మచ్చను చర్మమే తగ్గించుకుంటుంది.

"ఏడు నెలలుగా పోవడం లేదు" అన్నారు కదా. ఈ మాట రోజూ వింటాను. ఒక చిన్న లెక్క చూడండి. మీకు వారానికి రెండే రెండు కొత్త మొటిమలు వస్తున్నాయి, ఒక్కో మచ్చ నాలుగు నెలలు ఉంటోంది అనుకుందాం. నాలుగు నెలలంటే దాదాపు 17 వారాలు. అంటే ఎప్పుడు అద్దంలో చూసినా ముఖం మీద 34 మచ్చలు ఉంటాయి. పాతవి పోతూనే ఉన్నాయి, కొత్తవి వచ్చి చేరుతున్నాయి. చూసేవాళ్లకు మాత్రం ఏదీ పోనట్టే ఉంటుంది. ఇలాంటప్పుడు మచ్చకు మందు వెతకడం కన్నా మొటిమను ఆపడమే పని.

దీన్ని తేల్చుకోవడానికి ఫొటో తీయండి. రెండు వారాలకోసారి, అదే కిటికీ దగ్గర, అదే సమయానికి, ఫిల్టర్లు లేకుండా. మొదటి ఫొటోలో ఏవైనా మూడు మచ్చలు గుర్తు పెట్టుకుని వాటినే గమనించండి. ముఖం మొత్తం చూస్తే ఏమీ తెలియదు. ఒక్కో మచ్చను వెంబడిస్తే అది తగ్గుతోందో లేదో తేలిపోతుంది.

ఇక మందులు. కొత్త మొటిమలు వస్తూనే ఉంటే రాత్రిపూట అడాపలీన్ 0.1 శాతం జెల్. ముఖం మొత్తానికీ కలిపి బఠాణీ గింజంత చాలు. మొటిమ మీద చుక్కలా పెట్టకూడదు, మొటిమలు వచ్చే చోటంతా పల్చగా రాయాలి. ఇది ఉన్న మొటిమను తగ్గించడం కన్నా రాబోయేదాన్ని ఆపడంలో గట్టిది. చీముతో ఎర్రగా లేచేవి ఉంటే ఉదయం బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 శాతం కలపొచ్చు. 5, 10 శాతాల జోలికి పోవద్దు, మంట పెరుగుతుంది గానీ ఆ మేరకు లాభం పెరగదు. అన్నట్టు ఇది దిండు గలీబుల్ని, తువ్వాళ్లని, రంగు చొక్కా కాలర్‌ని తెల్లగా పాడు చేస్తుంది. ఈ సంగతి ముందే చెప్పనందుకు పేషెంట్ల ఇళ్లలో నన్ను ఎంతమంది తిట్టుకున్నారో.

కొత్త మొటిమలు ఆగిపోయి మచ్చలే మిగిలితే అజెలాయిక్ యాసిడ్. నాకు బాగా నచ్చిన మందు ఇది. వాపును తగ్గిస్తుంది, మొటిమ బ్యాక్టీరియాను అణుస్తుంది, మెలనిన్ తయారీని కూడా కొంత తగ్గిస్తుంది. కాబట్టి ఎరుపు, గోధుమ రెండూ కలిసిన మచ్చలకు సరిపోతుంది. గర్భంతో ఉన్నవాళ్లకు అడాపలీన్, దాని కుటుంబానికే చెందిన ట్రెటినాయిన్ లాంటివి ఇవ్వం. అజెలాయిక్ యాసిడ్ వాళ్లకూ ఇవ్వగలిగే కొద్ది మందుల్లో ఒకటి. మొదటి రెండు మూడు వారాలు రాయగానే చీమలు పాకినట్టు చురచురలాడుతుంది. పది పదిహేను నిమిషాల్లో తగ్గితే ఫర్వాలేదు. గంట దాటినా మంట ఉంటే, చర్మం పొట్టు రేగుతుంటే రోజు విడిచి రోజు రాయండి. ఫలితం కోసం 12 వారాలు ఆగాలి. నెల రోజులకే "పని చేయలేదు" అని పారేసినవాళ్లు నిజానికి ఆ మందుని పరీక్షించనే లేదు.

నయాసినమైడ్ 4, 5 శాతం సెరమ్ మంచిదే. పెద్దగా హాని చేయదు, పెద్దగా అద్భుతమూ చేయదు. ఉంటే వాడుకోండి.

ముప్పై దాటాక బుగ్గలు, ముక్కు కందిపోతుంటే

ముక్కు, బుగ్గల మధ్య భాగం, నుదురు, గడ్డం ఎప్పుడూ కందినట్టుండి, మధ్యమధ్యలో సన్నటి పొక్కులు వస్తూ, నల్ల గింజలు (బ్లాక్‌హెడ్స్) మాత్రం లేకపోతే రోజేషియా అనే చర్మవ్యాధిని అనుమానించాలి. ఎండలోకి వెళ్తే, వేడి నీళ్లతో స్నానం చేస్తే, కారం తింటే, మద్యం తాగితే, టెన్షన్ పడితే ముఖం జివ్వుమని వేడెక్కుతుంది. కళ్లలో ఇసుక పడ్డట్టు ఉండటం కూడా దీనిలో భాగమే, చాలామంది ఆ సంగతి కంటి డాక్టరుకే చెప్తారు గానీ మాకు చెప్పరు. నలుపు చర్మం వాళ్లకు ఇది రాదన్న అపోహ డాక్టర్లలోనే ఉండేది. వస్తుంది, మనం గుర్తుపట్టం, అంతే.

పొక్కులకు మెట్రోనిడజోల్ 0.75 శాతం రోజుకు రెండుసార్లు, లేదా ఐవర్‌మెక్టిన్ 1 శాతం క్రీమ్ రోజుకోసారి, లేదా అజెలాయిక్ యాసిడ్ 15 శాతం జెల్. మూడూ పనిచేస్తాయి, మూడూ నెమ్మదే. ఇవి పొక్కుల్ని తగ్గిస్తాయి. వెనక ఉండే కందినతనం అంతగా తగ్గదు.

ఆ కందినతనానికి బ్రైమోనిడిన్ 0.33 శాతం జెల్ అని ఒకటుంది. నాళాలను ముడుచుకునేలా చేస్తుంది. రాసిన అరగంటలో మొదలై కొన్ని గంటలపాటు ముఖం తేటగా ఉంటుంది. కానీ దాని ప్రభావం దిగిపోయాక కొందరికి ఎరుపు రెట్టింపై వస్తుంది. నా పేషెంట్ ఒకామె నేను వద్దన్నా మొట్టమొదటిసారి ఇంటర్వ్యూ రోజునే రాసుకుంది. ఇంటర్వ్యూ బాగానే అయింది. సాయంత్రం ఫొటో పంపింది, ఎండలో రోజంతా నిలబడ్డ మనిషిలా ఉంది. వాడదలిస్తే డాక్టరుని అడిగి, ఇంట్లో ఉండే రోజున, కొద్ది చోట రాసి చూసుకోండి.

నోటి చుట్టూ వచ్చే సన్న పొక్కులు

మీ గడ్డం సంగతి ఇదే అని నా అనుమానం. నోటి చుట్టూ, ముక్కు పక్కన, ఒక్కోసారి కళ్ల చుట్టూ సన్న పొక్కులు గుంపులుగా వస్తాయి. పెదవికి ఆనుకుని సన్నటి గీతలాగా మామూలు చర్మం మిగులుతుంది. అద్దం దగ్గరగా పెట్టుకుని ఆ గీత ఉందేమో చూడండి. దురద కన్నా మంట, బిగుసుకుపోయినట్టు ఉండటం ఎక్కువ. దీన్ని పెరియోరల్ డెర్మటైటిస్ అంటాం. దీనికి అన్నిటికన్నా పెద్ద కారణం ముఖానికి రాసిన స్టెరాయిడ్ క్రీమ్. ముక్కులో కొట్టుకునే స్ప్రేలూ, ఆస్తమా ఇన్‌హేలర్లూ తగిలినా రావచ్చు. (డాక్టరు ఇచ్చిన ఇన్‌హేలర్ మాత్రం మీ అంతట మీరు ఆపకండి. పీల్చాక ముఖం కడుక్కుంటే చాలు.) మందమైన క్రీములు పొరలు పొరలుగా రాసేవాళ్లకూ వస్తుంది.

దీని వైద్యానికి మాలో "జీరో థెరపీ" అని పేరు. అంటే ఏదీ రాయకపోవడం. నీళ్లు, మరీ అవసరమైతే సాదా ఫేస్‌వాష్. వినడానికి తేలిక, చేయడానికి కష్టం. ముఖం మండుతుంటే చేతులు కట్టుకుని కూర్చోవడం ఎవరి వల్ల అవుతుంది? తగ్గకపోతే మెట్రోనిడజోల్ క్రీమ్, పిమెక్రోలిమస్ (స్టెరాయిడ్ కాకుండానే వాపు తగ్గించే క్రీమ్), ముదిరితే కొన్ని వారాలు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మాత్రలు. ఆ మాత్రలు గర్భిణులకు, చిన్న పిల్లలకు ఇవ్వం. కాబట్టి సొంతంగా కొనుక్కోవద్దు.

ఇంకొకటి క్లుప్తంగా. ముక్కు పక్కల మడతల్లో, కనుబొమల్లో ఎరుపుతో పాటు జిడ్డు పొలుసులు ఉండి, తలలో చుండ్రు కూడా ఉంటే అది సెబోరిక్ డెర్మటైటిస్. కీటోకొనజోల్ 2 శాతం క్రీమ్ రెండు నుంచి నాలుగు వారాలు. తగ్గుతుంది, మళ్లీ వస్తుంది, మళ్లీ రాయాలి. దానితో సర్దుకుపోవాల్సిందే.

స్టెరాయిడ్ సంగతి

నేను ఈ జవాబు రాయడానికి అసలు కారణం మీరు చెప్పిన ఆ మూడు రోజులు. ముఖం మీద ఎరుపును మూడు రోజుల్లో తీసేసే క్రీమ్ అంటే నాకు మొదట గుర్తొచ్చేది స్టెరాయిడ్. అది నాళాలను బిగించేస్తుంది. అసలు ఈ క్రీముల బలాన్ని కొలవడానికి 1960ల నుంచి వాడుతున్న పరీక్షే అది: రాసిన చోట చర్మం ఎంత తెల్లబడుతుందో చూడటం. కాబట్టి ఎరుపు మీద అద్భుతంగా పనిచేసినట్టు కనిపించడంలో ఆశ్చర్యం లేదు.

వారాల తరబడి రాస్తే చర్మం పల్చబడుతుంది, నాళాలు బిగుసుకుని ఉండటానికి అలవాటు పడతాయి. ఆపగానే ఒక్కసారిగా విప్పారతాయి. మంట, వాపు, చీము పొక్కులు. భయపడి మళ్లీ రాస్తారు, మళ్లీ చల్లబడుతుంది. "ఇది రాయకపోతేనే నా ముఖం పాడవుతోంది" అనుకుంటారు. అనుకోకుండా ఎలా ఉంటారు, కళ్లముందు కనిపిస్తోంది కదా. ఇలా నాలుగేళ్లు రాసిన ఒకామెను చూశాను. బుగ్గల మీద ఎర్ర దారాలు పరిచినట్టు నాళాలు, చెంపల మీద నూగు వెంట్రుకలు, ట్యూబ్‌లైటు దగ్గరికి వచ్చినా ముఖం మండేది. ఆమె మొదట రాసింది ఒకే ఒక్క మొటిమ మచ్చ మీద. గోటితో పోయేదానికి గొడ్డలి అంటారే, అది.

ట్యూబు మీద ఇలా చూడండి. పెద్ద అక్షరాల్లో ఉండే పేరు కాదు, చిన్న అక్షరాల్లో ఉండే మందుల పేర్లు. బీటామెథసోన్, మొమెటసోన్, బెక్లోమెథసోన్, ఫ్లూసినోలోన్, క్లోబెటాసోల్. చివర "సోన్", "లోన్", "సోల్", "నైడ్" అని వస్తే ఆగండి. "జోల్" అని వచ్చే క్లోట్రిమజోల్, కీటోకొనజోల్, మెట్రోనిడజోల్ వేరు, అవి స్టెరాయిడ్లు కావు. కానీ ఒకే ట్యూబులో "జోల్"తో పాటు "సోల్" కూడా ఉండే మిశ్రమాలు ఉన్నాయి, మొదటి పేరు చూసి వదిలేయకండి. మచ్చలకు ఇచ్చే హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్ మిశ్రమంలో మూడోది కూడా స్టెరాయిడే. పేర్లే రాయని డబ్బా అయితే ముఖం దరిదాపులకు రానివ్వద్దు.

స్టెరాయిడ్ చెడ్డది అనడం లేదు. 1952లో హైడ్రోకార్టిసోన్ చర్మానికి వాడటం మొదలయ్యాక మా వైద్యం స్వరూపమే మారిపోయింది, దాన్ని ఈ రోజుకీ రోజూ రాస్తాను. ఏ బలం, ఎన్ని రోజులు, ఏ చోట అన్నది చూసుకుని రాస్తాను. ముఖం చర్మం పల్చన, అరిచేతికి రాసినట్టు దీనికి రాయలేం.

ఎన్నాళ్లు రాశారన్నది ముఖ్యం. వారం పది రోజులే అయితే ఆపేయొచ్చు. నెలలు గడిచి ఉంటే ఒక్కసారిగా ఆపకుండా డాక్టరుని కలవండి. కొందరికి తక్కువ బలం ఉన్నదానికి మార్చి, రోజు విడిచి రోజుకి తెచ్చి ఆపుతాం. కొందరికి టాక్రోలిమస్ గానీ పిమెక్రోలిమస్ గానీ ఇచ్చి దీన్ని తీసేస్తాం. ఆపిన కొద్ది రోజులకే ఎరుపు ఎగదన్నుతుంది, మొదటి రెండు మూడు వారాలు గడ్డుకాలం. తర్వాత ఒక రోజు బాగుండి రెండు రోజులు బాగోక, అలా తగ్గుతూ వస్తుంది. వారాలు కాదు, కొందరికి నెలలు. ఆ మొదటి వారాల్లో చల్లటి నీళ్లలో తడిపి పిండిన మెత్తటి గుడ్డ పది నిమిషాలు వేసుకోవడం, సాదా మాయిశ్చరైజర్ తప్ప సొంతంగా ఇంకేమీ చేయొద్దు.

నేను చేసిన తప్పు

ప్రాక్టీసు మొదలుపెట్టిన రెండో ఏడు. మొటిమల ఎర్ర మచ్చలతో ఒక అమ్మాయి వచ్చింది. తొందరగా తగ్గించాలన్న ఉత్సాహంలో ఉదయం బెంజాయిల్ పెరాక్సైడ్, రాత్రి ట్రెటినాయిన్, మధ్యలో గ్లైకాలిక్ యాసిడ్ ఫేస్‌వాష్, అన్నీ ఒకే రోజున రాసిచ్చాను. ఒక్కో మందూ సరైనదే. పది రోజులకు వచ్చింది, ముఖమంతా కందిపోయి, నోటి మూలలు పగిలి, నవ్వితే నొప్పి. మచ్చలు ఎక్కడున్నాయో కనిపించనంత ఎరుపు. అన్నీ ఆపించి ఐదు వారాలు మాయిశ్చరైజర్ మీదే ఉంచాల్సి వచ్చింది. ఆ ఐదు వారాల్లో, మందే లేకుండా, అసలు మచ్చల్లో కొన్ని పల్చబడ్డాయి! అప్పటినుంచి ఒక్కసారికి ఒక్క మందే మొదలుపెడతాను. రెండోది కావాలంటే కనీసం మూడు వారాల తర్వాతే. ఏది పడిందో, ఏది పడలేదో తెలియాలంటే వేరే దారి లేదు.

రాసే పద్ధతి

ముఖం కడుక్కుని, తువ్వాలుతో రుద్దకుండా అద్ది, పది నిమిషాలు ఆగి రాయండి. తడి చర్మం మీద ఈ మందులు ఎక్కువ మండుతాయి. అడాపలీన్ మొదటి రెండు వారాలు వారానికి మూడు రాత్రులే, తర్వాత పెంచండి. చర్మం సున్నితమైతే ముందు మాయిశ్చరైజర్, దాని మీద మందు, ఆపైన మళ్లీ మాయిశ్చరైజర్. కంటి రెప్పలు, ముక్కు మూలలు, పెదవి అంచులు వదిలేయండి. స్క్రబ్బులు, గరుకు బ్రష్షులు, మొటిమ మీద టూత్‌పేస్టు, ఆవిరి పట్టడం, ఇవన్నీ ఎరుపును పెంచేవే.

సన్‌స్క్రీన్ ఎస్‌పీఎఫ్ 30 లేదా 50. చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా పిండితే వచ్చేంత. చాలామంది అందులో సగం కూడా రాయరు. బయట ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. మండే ముఖానికి జింక్ ఆక్సైడ్ ఉన్నవి పడతాయి. తెల్లగా కనిపిస్తోందంటే లేత రంగు కలిపినవి ఉన్నాయి, చూడండి. మచ్చలు కప్పుకోవాలంటే లేత ఆకుపచ్చ ఛాయ ఉన్న కన్సీలర్ ఎరుపును అణిచి చూపిస్తుంది. కప్పుకోవడం తప్పేం కాదు, రాత్రి మెల్లగా కడిగేస్తే చాలు.

క్రీముతో పని కానివి

ఒకే ఒక్క మచ్చ, నెల దాటినా మానక, పొట్టు కట్టి రాలుతూ లేదా ముత్యంలా మెరుస్తూ, ముట్టుకుంటే రక్తం కారుతుంటే చూపించుకోవాలి. చర్మ క్యాన్సర్లు కొన్ని ఇలాగే మొదలవుతాయి. రెండు బుగ్గల మీదా ముక్కు మీదా సీతాకోకచిలుక రెక్కల్లా ఎరుపు వచ్చి, ముక్కు పక్క మడతలు మాత్రం మామూలుగా ఉండి, కీళ్ల నొప్పులు, నోట్లో పుండ్లు, ఎండ తగిలితే ఎక్కువవడం ఉంటే లూపస్ (ఒంటి రోగనిరోధక శక్తి ఒంటి మీదే తిరగబడే జబ్బు) కోసం రక్తపరీక్ష చేయించాలి. మధ్యలో చుక్క, చుట్టూ సాలీడు కాళ్లలా గీతలు ఉన్నదైతే మొద్దుబారిన పెన్సిల్ మొనలాంటి దానితో మధ్య చుక్కను మెల్లగా నొక్కి చూడండి, కాళ్లన్నీ మాయమవుతాయి, వదలగానే మధ్యలోంచి రక్తం బయటికి పరుచుకుంటుంది. ఒకటో రెండో ఉంటే హాని లేదు, గర్భంతో ఉన్నప్పుడూ వస్తాయి. చాలా ఉంటే కాలేయం చూపించుకోవాలి. ఈ సాలీడు మచ్చలకు ఏ క్రీమూ పనిచేయదు.

మొటిమల ఎర్ర మచ్చలు ఏడాది దాటినా మిగిలితే పల్స్‌డ్ డై లేజర్ ఉంది. దాని 595 నానోమీటర్ల కాంతిని నాళంలోని హిమోగ్లోబిన్ పీల్చుకుని వేడెక్కుతుంది, నాళం మూసుకుపోతుంది. క్రీమ్ చేరలేని చోటికి అది చేరుతుంది. సాధారణంగా ఒక్కసారితో అవదు, రెండు నుంచి నాలుగు సిట్టింగులు. నలుపు చర్మానికి కాలిన మచ్చలు పడే ప్రమాదం ఉంది కాబట్టి అలాంటి చర్మాల మీద చేసిన అనుభవం ఉన్నవాళ్ల దగ్గరే చేయించుకోండి. స్టెరాయిడ్ మానిన మొదటి నెలల్లో మాత్రం ఎవరు చేస్తామన్నా వద్దనండి.

మీరు ఇప్పుడు చేయాల్సింది రెండు పనులు. గాజు గ్లాసుతో బుగ్గ మీద ఒకటి, గడ్డం మీద ఒకటి నొక్కి చూడటం. ఆ నాలుగు ట్యూబుల మీద చిన్న అక్షరాల్లో ఉన్న పేర్లు, శాతాలు, ఒక్కోటి ఎన్ని వారాలు రాశారో ఒక కాగితం మీద రాసుకోవడం. ఇక్కడ పెడితే చూసి చెప్తాను. డాక్టరు దగ్గరికి వెళ్లినా ముందు ఆ కాగితమే ఇవ్వండి, ట్యూబులు కూడా సంచిలో వేసుకెళ్లండి. "ఏదో తెల్ల క్రీమ్, మూత ఆకుపచ్చది" అంటే మాకు ఏమీ తెలియదండీ.